పాత ట్రై-యాంగ్ బొమ్మ రైలు ఇంజిన్ గుయ్యిమంటోంది కానీ కదలట్లేదు, మోటారు మార్చాల్సిందేనా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. మీ బాపు దాచుకున్న జింటీ, అంటే ట్రై-యాంగ్ అనే పాత బ్రిటిష్ బొమ్మ రైళ్ల కంపెనీ చేసిన ఆరు చక్రాల నల్ల ట్యాంక్ ఇంజిన్ (నీళ్ల ట్యాంకు తనమీదే మోసే రకం) నమూనా, అటక మీద దొరికింది. హనుమకొండలో రేడియో సామాన్ల షాపులో 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కొని పట్టాలకు కలిపారు. ఇంజిన్ గుయ్యిమంటోంది, చక్రాలు తిరగట్లేదు, కాసేపటికే వేడెక్కుతోంది. మోటారు కాలిపోయిందేమోనని మీ టెన్షన్.

ముందు ఆ ట్రాన్స్‌ఫార్మర్ తీసేయండి. నాకు మొదటి అనుమానం దాని మీదే. షాపులో విడిగా అమ్మే ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను 12కి దించుతుంది, అంతే. బయటికి వచ్చేది ఏసీయే. మీ ఇంజిన్‌కి కావలసింది 12 వోల్టుల డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు. ఏసీ ఇస్తే కరెంటు దిశ సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారుతుంది, ఆర్మేచర్, అంటే మోటారులో తిరిగే భాగం, ఎటూ తిరగలేక ఉన్నచోటే వణుకుతుంది. మీరు వింటున్న చప్పుడు అదే. మల్టీమీటర్‌ని ఏసీలో పెట్టి ఒకసారి, డీసీలో పెట్టి ఒకసారి చూడండి, తేలిపోతుంది. ఇంట్లో వైఫై రౌటర్‌ది 12 వోల్టులు, 1 ఆంపియర్ అడాప్టర్ పాతది ఉంటే పరీక్షకు చాలు. దాని మీద డీసీ అని రాసి ఉందో లేదో చూసుకోండి.

అడాప్టర్‌ని కూడా నేరుగా కలపకండి. బైకు ఇండికేటర్‌కి వేసే 12 వోల్టులు, 10 వాట్ల బల్బు ఒకటి సీరీస్‌లో, అంటే పట్టాలకు వెళ్లే ఒక తీగ మధ్యలో పెట్టండి. ఇంజిన్‌లో ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, వైండింగ్ (ఆర్మేచర్ మీద చుట్టిన తీగ) మీద దెబ్బ పడదు. బల్బు మసకగా వెలుగుతూ మోటారు తిరిగితే సగం పని అయిపోయినట్టే.

నేను కాజీపేట రైల్వే క్వార్టర్లలో పెరిగాను. మా మేనమామ దగ్గర మీ ఇంజిన్లో ఉన్న ఇదే ఎక్స్.04 రకం మోటారు ఉన్న ఇంజిన్ ఉంటే దాన్ని బాగుచేసింది నేనే. అందులో కాలిపోయింది ఏమీ లేదు. దశాబ్దాల నాటి నూనె గట్టిపడి, బుష్‌ల (షాఫ్ట్ తిరిగే గూళ్ల) దగ్గర తేనెరంగు జిగురై కూర్చుంది. కమ్యుటేటర్, అంటే ఆర్మేచర్‌కి కరెంటు అందించే రాగి భాగం, దాని మూడు ముక్కల మధ్య సందుల్లో కార్బన్ పొడి నల్లగా నిండిపోయింది. ఆ పొడి ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకి కరెంటు దాటించి మోటారును వేడెక్కిస్తుంది. మొబైల్ రిపేర్ షాపుల్లో వాడే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ద్రావణం కొంచెం తెచ్చుకోండి. ఇయర్‌బడ్‌తో కమ్యుటేటర్ తుడిచి, సందుల్ని టూత్‌పిక్ మొనతో నెమ్మదిగా గీకండి. గరుకు కాగితం వద్దు, రాగి మీద గీతలు పడితే కార్బన్లు, అంటే దానికి ఒరుసుకుంటూ కరెంటు అందించే బ్రష్‌లు, త్వరగా అరిగిపోతాయి. తిన్నర్ అసలే వద్దు, ఒక్క చుక్క పడినా బాడీ ప్లాస్టిక్ కరిగిపోతుంది.

చక్రాల్ని చేత్తో తిప్పి చూడాలని అందరికీ అనిపిస్తుంది. ఈ ఇంజిన్లో అది చేయకూడదు. మోటారు షాఫ్ట్ మీద వార్మ్ గేర్ (స్క్రూ మరలాంటి గేరు) ఉంటుంది. షాఫ్ట్ చక్రాన్ని తిప్పగలదు కానీ చక్రం షాఫ్ట్‌ని తిప్పలేదు. బలవంతం చేస్తే గేరు పళ్లు పోతాయి. వేలితో షాఫ్టే తిప్పండి. పట్టేసినట్టు ఉంటే బుష్‌లను ఐపీఏతో కడిగి, ఆరాక కుట్టుమిషన్ నూనె సూది మొనతో ఒక్కో చుక్క పెట్టండి. కమ్యుటేటర్‌కి మాత్రం నూనె తగలకూడదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. మోటారులో అయస్కాంతాన్ని పట్టి ఉంచే స్క్రూ కనిపిస్తుంది. దాన్ని ముట్టుకోకండి. ఆ కాలపు మోటార్లలో ఉన్నది ఆల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన లోహం) అయస్కాంతం. చుట్టూ ఉన్న ఇనుప ముక్కల్లోంచి దాన్ని విడదీస్తే అక్కడికక్కడే బలం కోల్పోతుంది, మళ్లీ అలాగే బిగించినా ఆ బలం తిరిగి రాదు. అయస్కాంతం బలహీనమైన మోటారు కరెంటు ఎక్కువ తాగుతుంది, వేడెక్కుతుంది, రెండు బోగీలు తగిలిస్తే లాగలేదు. మా మామ ఇంజిన్‌ని అంతకుముందు ఎవరో విప్పారు, అదే జరిగింది. చివరికి నియోడిమియం అయస్కాంతం తెప్పించి వేయాల్సి వచ్చింది. మీది ఇంకా ఎవరూ విప్పలేదని రాశారు కదా, అది నిజంగా అదృష్టం. ఆర్మేచర్‌ని కూడా బయటికి లాగకండి.

కార్బన్లను నొక్కిపెట్టే వి ఆకారం స్ప్రింగ్ తీసేటప్పుడు దాని రెండు కాళ్లూ దగ్గరగా చూడండి. ఒక కాలికి కరెంటు దాటనివ్వని సన్నని స్లీవ్ (గొట్టం లాంటి తొడుగు) తొడిగి ఉండాలి. ఒక కార్బన్‌కి ఛాసిస్ (ఇంజిన్ అడుగు లోహపు చట్రం) నుంచి కరెంటు వస్తుంది, రెండోదానికి విడిగా తీగ వస్తుంది. స్లీవ్ ఎండి రాలిపోతే ఆ రెండూ స్ప్రింగ్ ద్వారానే కలిసిపోయి నేరుగా షార్ట్ అవుతుంది. రాలిపోయి ఉంటే సన్నని టెలిఫోన్ తీగ పైతొక్క ఒలిచి తొడగండి, సరిపోతుంది.

ఇవన్నీ చేశాక కూడా కదలకపోతే అప్పుడు వైండింగ్‌ని అనుమానించండి. కార్బన్లు పక్కకు తీసి, కమ్యుటేటర్ మూడు ముక్కల మధ్య ఓమ్స్ కొలవండి. మూడు కొలతలూ ఒకేలా ఉండాలి. ఒకటి మిగతా రెండింటికి రెట్టింపు చూపిస్తే ఒక కాయిల్ తెగిందని. చాలాసార్లు తెగేది కమ్యుటేటర్‌కి సోల్డర్ చేసిన చోటే, మళ్లీ అతికించొచ్చు. మన వరంగల్‌లో బోరు మోటార్ల వైండింగ్ షాపులకు కొదవ లేదు కానీ ఇది వాళ్ల పని కాదు, వెంట్రుకలాంటి తీగ ఇది. మిక్సీ, ఫ్యాన్ ఆర్మేచర్లు చుట్టే వాళ్లను అడగండి. నేను మా మామ ఇంజిన్ ఛాసిస్ మొత్తం అలాంటి ఒకాయన దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తే ఆయన మీటర్ పెట్టి, "వైండింగ్ మంచిగనే ఉంది అన్నా, ఊకె పైసలు ఖరాబు చేసుకోకు" అని పంపించేశాడు.

మోటారు తిరిగినా ఇంజిన్ ఆగి ఆగి నడిస్తే చక్రాల అంచుల్నీ పట్టాల్నీ అదే ఐపీఏతో తుడవండి, మురికి వల్ల కరెంటు అందదు.

కొత్త మోటారు కొనే ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ముందు అడాప్టర్, బల్బుతో చూసి బల్బు ఎలా వెలిగిందో రాయండి. కమ్యుటేటర్ ఫోటో కూడా దగ్గర్నుంచి తీసి పెడితే కార్బన్లు ఇంకా పనికొస్తాయో లేదో చెప్తాను.