పెళ్లికాని అమ్మాయి ఫ్యామిలీ థెరపిస్ట్ అవుతానంటే

ప్రశ్న: మాది గాజువాక. మావారు స్టీల్ ప్లాంట్‌లో పనిచేస్తారు. మా అమ్మాయి డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉంది, సైకాలజీ మేజర్. మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపిస్ట్ అవుతానని పట్టుబట్టింది. మా చెల్లెలింట్లో గొడవలొస్తే గంటల తరబడి ఫోన్లో మాట్లాడి సర్దిచెప్పేది ఇదే. అందరూ మెచ్చుకునేసరికి ఈ ఆలోచన వచ్చింది. ఇది అమెరికా వాళ్ల వ్యవహారం కాదా? మన ఊళ్లో ఎవరొస్తారు? పెళ్లికాని పిల్ల కాపురాల గురించి ఏం చెబుతుంది? అక్కడికి పంపాలా, ఇక్కడే చదివించాలా?

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. డబ్బూ, పిల్ల వయసూ రెండూ దాంతోనే ముడిపడి ఉన్నాయి. ఇక్కడే చదివించండి. పీజీ మన దేశంలోనే చేయనివ్వండి. అమెరికా సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఎందుకంటే, భార్యాభర్తలతో, కుటుంబాలతో కూర్చుని చేసే ఈ థెరపీ అమెరికాలో విడిగా ఒక వృత్తి. మొత్తం 50 రాష్ట్రాల్లోనూ దీనికి లైసెన్సు ఉంది. 2024 జనవరి నుంచి అక్కడ వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ బీమా కూడా వీళ్ల ఫీజులు చెల్లిస్తోంది. మీ అమ్మాయి అవన్నీ చూసి ఆశపడటంలో తప్పేమీ లేదు. కానీ మాస్టర్స్ పట్టా చేతికి రాగానే లైసెన్సు రాదు. కాలిఫోర్నియానే తీసుకోండి. సీనియర్ల పర్యవేక్షణలో 3,000 గంటలు పనిచేసినట్టు చూపించాలి, అదీ కనీసం 104 వారాల్లో. చదువుకునేటప్పుడు చేసిన గంటలు కొన్ని లెక్కలోకి వస్తాయి గానీ, ఎక్కువ భాగం పట్టా వచ్చాక చేయాల్సిందే. ఈ చదువు మీద మన పిల్లలకు దొరికే ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పనిచేయడానికి ఇచ్చే అనుమతి, ఒక్క ఏడాది. ఇంజినీరింగ్ పిల్లలకు వచ్చే అదనపు రెండేళ్లు దీనికి రావు. గంటలు పూర్తి కాకుండానే గడువు దగ్గరపడుతుంది, బ్యాంకు వాయిదాలు మాత్రం ఆగవు. డిగ్రీ అవ్వగానే లోను తీసుకుని వెళ్లే పిల్లలకు నేను ముందు చెప్పేది ఈ లెక్కే.

ఇది అమెరికా వ్యవహారమా అంటే కాదు. 1950ల్లోనే అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల ఇంటివాళ్లను కూడా ఆసుపత్రి ఆవరణలోనే గుడారాలు వేయించి ఉంచారు. మనిషిని ఒంటరిగా వార్డులో వదిలేస్తే ఇంటివాళ్లు దూరమైపోతారు, దగ్గరుండి చూస్తే జబ్బు ఏమిటో వాళ్లకూ అర్థమవుతుందని ఆయన నమ్మకం. ఇవాళ బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో కుటుంబాలతో పనిచేయడానికే ఫ్యామిలీ సైకియాట్రీ సెంటర్ ఉంది. 1984లో వచ్చిన ఫ్యామిలీ కోర్టుల చట్టం కౌన్సెలర్లను పెట్టుకోవడానికి వీలు కల్పించింది. మన విశాఖలోనూ ఆ కోర్టు ఉంది.

మన దగ్గర లేనిది ఆ పేరుతో ఒక లైసెన్సు. అందువల్ల వారాంతపు సర్టిఫికెట్ కోర్సు చేసినవాళ్లు కూడా 'రిలేషన్‌షిప్ థెరపిస్ట్' అని బోర్డు పెట్టేస్తున్నారు. అలాంటి కోర్సులకు దయచేసి డబ్బు కట్టకండి. ఎవరైనా 'మూడు నెలల్లో థెరపిస్ట్‌ని చేస్తాం' అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

సరైన దారులు రెండు. మొదటిది అందరికీ తెలిసిన సైకాలజీ పీజీ. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ విభాగం ఉంది, సీట్లు ఏపీ పీజీసెట్ ద్వారా భర్తీ చేస్తారు. గీతంలోనూ సైకాలజీ చెబుతారు. ముంబైలోని టాటా సోషల్ సైన్సెస్ సంస్థ టిస్‌లో కౌన్సెలింగ్ ప్రధానంగా అప్లైడ్ సైకాలజీ ఎంఏ ఉంది, దానికి సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. రెండో దారి సోషల్ వర్క్, అంటే ఎంఎస్‌డబ్ల్యూ. ఇదీ ఏయూలో ఉంది. దీన్ని మన తల్లిదండ్రులు చిన్నచూపు చూస్తారు. కుటుంబాలతో పనిచేయాలనుకునే పిల్లలకు ఇదే మంచి పునాది అని నా గట్టి అభిప్రాయం. సైకాలజీ క్లాసులో ఎక్కువగా ఒక మనిషి మనసు గురించి చదువుతారు. ఎంఎస్‌డబ్ల్యూలో మొదటి సంవత్సరం నుంచే ఫీల్డ్ వర్క్ ఉంటుంది. పిల్లలు బస్తీలకు, ఆసుపత్రులకు, ఇళ్లకు వెళ్తారు. ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఎవరు మాట్లాడుతుంటే ఎవరు నోరు మూసుకుంటారో కళ్లారా చూస్తారు. ఆ తర్వాత సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో పైచదువుకి వెళ్లొచ్చు. మానసిక ఆసుపత్రుల్లో కుటుంబాలతో ఎక్కువగా కూర్చునేది వీళ్లే.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఇంట్లో కూర్చుని దూరవిద్యలో ఎంఏ సైకాలజీ చేయిద్దామన్న ఆలోచన ఉంటే మానుకోండి. 2025 జూలై–ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పకూడదని యూజీసీ ఆపేసింది. రెండోది, 'క్లినికల్ సైకాలజిస్ట్' అని పేరు పెట్టుకోవాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. దానికి ఇన్నాళ్లూ రెండేళ్ల ఎంఫిల్ దారి. యూజీసీ ఎంఫిల్‌ను ఎత్తేసినా క్లినికల్ సైకాలజీకి, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కి 2025–26 దాకా వెసులుబాటు ఇచ్చింది. దాని స్థానంలో కొత్త కోర్సులు వస్తున్నాయి. కాబట్టి ఏ కాలేజీ వాళ్లు ఏం చెప్పినా, ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో ఆ కాలేజీ, ఆ కోర్సు, ఆ సంవత్సరం మూడూ ఉన్నాయో లేదో మీరే చూసుకుని ఫీజు కట్టండి.

ఇప్పుడు మీ చెల్లెలుగారి ఇంటి సంగతి. అమ్మాయికి ఓపిక ఉంది, వినే గుణం ఉంది. చాలా మంచిది. కానీ ఫోన్లో పిన్నికి సర్దిచెప్పడం వేరు, థెరపీ వేరు. సర్దిచెప్పేటప్పుడు మనం పెద్దమనుషుల పంచాయితీలోలాగే తప్పెవరిదో తేల్చి, ఎవరో ఒకరిని తగ్గమంటాం. పోలీస్ స్టేషన్లో 'కౌన్సెలింగ్ ఇచ్చి పంపించాం' అన్నప్పుడు జరిగేదీ దాదాపు అదే. థెరపిస్ట్ తీర్పు చెప్పదు. ఆ గొడవ ఏ దారిలో తిరిగి తిరిగి అక్కడికే వస్తోందో వాళ్లకే కనిపించేలా చేస్తుంది.

క్లాసులో చెప్పుకునే ఉదాహరణ ఒకటి చెబుతాను. భర్త, భార్య, అత్తగారు గదిలోకి వచ్చారు. "మీకేం ఇబ్బందిగా ఉందమ్మా?" అని కోడల్ని అడిగితే అత్తగారు జవాబు చెప్పారు. ఆ క్షణంలో భర్త ఎటు చూశాడు? ఫోన్ వైపా, తల్లి వైపా? కోడలు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుందా? కొత్తగా వచ్చిన థెరపిస్ట్ ఒళ్లు మండి కోడలి పక్షం తీసుకుంటుంది. లేదా పెద్దావిడ కదా అని ఊరుకుంటుంది. ఏది చేసినా, ఆ ఇంట్లో రోజూ జరిగేదే ఆ గదిలోనూ ఇంకోసారి జరిగినట్టు. అనుమతి తీసుకుని రికార్డు చేసిన ఆ సెషన్‌ని తర్వాత సూపర్‌వైజర్ వింటారు. ఒకచోట ఆపి అడుగుతారు: "ఇక్కడ భర్త ఏదో అనబోయాడు. నువ్వు అడ్డుపడ్డావు. ఎందుకు?" అమ్మాయి ఆలోచించుకుని తన ఇంట్లో నాన్న మాట్లాడబోతే తను ఏం చేస్తుందో చెబుతుంది. అసలు ట్రైనింగ్ ఇదే. పట్టా మీద ఏ పేరు రాసి ఉన్నా, ఇలా పక్కన కూర్చుని తప్పులు దిద్దే మనిషి లేకపోతే ఆ చదువు పూర్తికానట్టే. కాలేజీని ఎంచుకునేటప్పుడు బిల్డింగు గురించి కాదు, 'వారానికి ఎన్ని గంటలు సూపర్‌విజన్ ఇస్తారు? ఎవరిస్తారు? కుటుంబాలను చూడనిస్తారా, ఒంటరి మనుషులనే చూడనిస్తారా?' అని అడగండి.

పాఠ్యపుస్తకాలు చాలావరకు అమెరికావే అన్నమాట నిజం. అమెరికా సైకియాట్రిస్ట్ ముర్రే బోవెన్ వాడుకలోకి తెచ్చిన పద్ధతిలో మూడు తరాల కుటుంబ పటం గీయిస్తారు. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, గొడవలున్నచోట వంకర గీత. అందులో భర్త తరఫు చెట్టు ఒకటి, భార్య తరఫు చెట్టు ఇంకొకటి. మన దగ్గర మేనరికం చేసుకున్న ఇంట్లో ఆ రెండు చెట్లూ పైన కలిసిపోతాయి. అత్తగారంటే నాన్నగారి అక్కే అయినప్పుడు, అత్త మీద కోడలి ఫిర్యాదు పుట్టింటి మీద ఫిర్యాదు కూడా అవుతుంది. ఆ అమ్మాయి పుట్టింటికి వెళ్లి ఎవరితో చెప్పుకుంటుంది? ఇలాంటివి మన మధ్య పెరిగిన పిల్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు. పీజీ ఇక్కడే చేయమనడానికి ఇదీ ఒక కారణం.

పెళ్లికాని పిల్ల ఏం చెబుతుందన్నారు. "నీకు పెళ్లయిందా అమ్మా?" అని వచ్చినవాళ్లు అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. దానికి జవాబు కూడా ట్రైనింగ్‌లో భాగమే. "లేదండీ. మీ ఇంట్లో ఎలా ఉంటుందో నాకు తెలియదు, మీరే చెప్పాలి" అని నిదానంగా అనగలిగితే చాలామంది అక్కడి నుంచే మనసు విప్పుతారు. పెళ్లయిన థెరపిస్ట్‌కి ఉండే చిక్కు వేరు. ప్రతి కాపురాన్నీ తన కాపురంతో కొలుస్తుంది. ఎవరి చిక్కు వాళ్లది, రెండింటికీ మందు సూపర్‌విజనే. ఒక విషయం మాత్రం మీ చేతుల్లో ఉంది. చుట్టాల గొడవలు ఇకమీదట అమ్మాయి దగ్గరికి రానివ్వకండి. సొంతవాళ్లకు థెరపీ చేయకూడదన్నది ఈ వృత్తిలో మొదటి నియమాల్లో ఒకటి. పిన్నిగారికి 14416 నంబరు ఇవ్వండి, అది కేంద్రం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్. తెలుగులో మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు.

ఇంకో హద్దు కూడా అమ్మాయి నేర్చుకోవాలి. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే భార్యాభర్తలను ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించడం ప్రమాదం. గదిలో చెప్పిన మాటకు ఇంటికెళ్లాక దెబ్బలు పడతాయి. ముందు ఆమె భద్రత చూడాలి. మహిళల హెల్ప్‌లైన్ 181కి గానీ, బాధిత మహిళలకు సాయం చేసే సఖి సెంటర్‌కి గానీ దారి చూపించాలి, 2005 గృహహింస చట్టం ఏం చెబుతుందో తెలిసి ఉండాలి. పిల్లలపై లైంగిక వేధింపులు జరిగాయని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేసి తీరాలి, అక్కడ గోప్యత అడ్డురాదు.

మన ఊళ్లో ఎవరొస్తారంటే, మీ టౌన్‌షిప్‌నే చూడండి. సి షిఫ్టు చేసి వచ్చి పగలంతా పడుకునే భర్త, చప్పుడు కాకుండా పిల్లల్ని ఆపలేక నలిగిపోయే భార్య. నేవీ ఇళ్లలో నెలల తరబడి ఓడ మీదుండి తిరిగొచ్చిన తండ్రికి తన ఇంట్లో తన చోటు ఏదో తెలియదు. పిల్లలు విదేశాల్లో, ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌లో ఇద్దరే మిగిలిన పెద్దవాళ్లు. వీళ్లెవరూ 'ఫ్యామిలీ థెరపీ కావాలి' అని రారు. నిద్ర పట్టట్లేదనో, అబ్బాయి చదవట్లేదనో వస్తారు. అందుకే మొదట్లో సొంత క్లినిక్ కాకుండా ఆసుపత్రి, స్కూలు, స్వచ్ఛంద సంస్థ లాంటి చోట చేరడం మంచిది. జీతం బీటెక్ పిల్లలతో పోలిస్తే తక్కువే, మొదటి మూడు నాలుగేళ్లు ఇంటి నుంచి ఆసరా కావాల్సి రావచ్చు. ఆ మాట ఇప్పుడే మీరూ మీవారూ అమ్మాయితో కూర్చుని డబ్బు లెక్కలతో సహా మాట్లాడుకోండి. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు కూడా ఈ కొన్నేళ్ల చదువు, ట్రైనింగ్ సంగతి అవతలివాళ్లకు ముందే చెప్పడం అందరికీ మేలు.

ఈలోగా పీజీసెట్ నోటిఫికేషన్ కనిపెట్టుకుని ఉండమనండి, సైకాలజీకీ సోషల్ వర్క్‌కీ రెండింటికీ సిద్ధమవ్వమనండి. పరీక్షలయ్యాక దొరికే ఖాళీ నెలల్లో మహిళలతోనో వృద్ధులతోనో పనిచేసే ఏదైనా సంస్థలో వాలంటీరుగా వెళ్లనివ్వండి. సలహా ఇవ్వకుండా రోజంతా వినడం తనకు నచ్చుతోందో లేదో ఆ నెలల్లో తనకే తెలుస్తుంది. నచ్చకపోతే హెచ్‌ఆర్, స్కూల్ సైకాలజీ లాంటి దారులు ఇదే డిగ్రీతో ఉన్నాయి. నచ్చితే ఏ సీటు ముందొస్తే అందులో చేర్పించండి, ఎంఎస్‌డబ్ల్యూ వచ్చిందని బాధపడకండి.