గాలి నీ చేతిలో ఉండదు, బుజ్జీ

చిరంజీవి బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన బంతి నిన్న మధ్యాహ్నం అందింది. పార్సిల్ విప్పింది మీ పెద్దమ్మే. చేత్తో నొక్కి చూసి "దిండులా ఉందే!" అంది. నాకు అక్కడే అనుమానం వచ్చింది. వంటింట్లోంచి కాటా తెచ్చి తూచాను. 318 గ్రాములు.

ఐదు, ఆరు, ఏడు తరగతుల ఆడపిల్లలు వాలీబాల్ ఆడితే ముంజేతులు ఎర్రగా కమిలిపోతున్నాయనీ, అందుకే మెత్తటి బంతి చేస్తున్నాననీ రాశావు. బాగుంది. కానీ పెద్దవాళ్లు ఆడే అంతర్జాతీయ బంతే 260 నుంచి 280 గ్రాములు ఉంటుంది. చిన్నపిల్లల కోసమని నువ్వు దానికంటే బరువైన బంతి చేశావు! ఎందుకైందో చెబుతాను. 66 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న బంతి పైతోలు దాదాపు 1,390 చదరపు సెంటీమీటర్లు. దాని కింద ఒక్క మిల్లీమీటరు ఫోమ్ వేసినా, అది ఘనపు సెంటీమీటరుకు 0.1 గ్రాము తూగే తేలిక రకమైనా, 14 గ్రాములు పెరుగుతాయి. నువ్వు 5 మిల్లీమీటర్లు వేశావు. అంటే 70 గ్రాములు. దెబ్బ తగ్గించడానికి ఫోమ్ వేస్తే, ఆ ఫోమ్ బరువే దెబ్బ పెంచుతోంది.

వెన్ను తట్టి పంపేద్దాం అనుకున్నాను గానీ, జలంధర్‌లో బంతులు చేసే ఫ్యాక్టరీల్లో ఇరవై రెండేళ్లు గడిపినవాణ్ణి, చూస్తూ ఊరుకోలేను. కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు.

ఈ చిక్కు వాలీబాల్‌తో పాటే పుట్టింది. 1895లో అమెరికాలోని హోల్యోక్ అనే ఊళ్లో విలియం మోర్గాన్ ఈ ఆట మొదలుపెట్టింది నడివయసు ఉద్యోగస్తుల కోసం. బాస్కెట్‌బాల్‌లో ఆ ఉరుకులు, తోపులాటలు వాళ్ల వల్ల కాదని. ముందు బాస్కెట్‌బాల్ లోపలి బ్లాడర్, అదే గాలి నింపే రబ్బరు తిత్తి, ఒక్కటే తీసి ఆడించాడు. మరీ తేలిక, గాలిలో నింపాదిగా తేలుతూ పోయింది. పూర్తి బాస్కెట్‌బాల్‌తో ఆడిస్తే చేతులకు బరువు. చివరికి స్పాల్డింగ్ కంపెనీని అడిగి ఈ ఆటకంటూ వేరే బంతి చేయించుకున్నాడు. నువ్వు ఇప్పుడు సరిగ్గా అక్కడే ఉన్నావు, ఆ రెండింటి మధ్య.

మెత్తదనం అనగానే అందరూ బొటనవేలితో నొక్కి చూస్తారు. నువ్వూ అదే చేశావు. వేలితో నొక్కినప్పుడు తెలిసేది వేరు, బంతి ఎగిరొచ్చి ముంజేతి ఎముక మీద పడ్డప్పుడు తెలిసేది వేరు. వేలికి తెలిసేది పైన రెండు మూడు మిల్లీమీటర్ల సంగతే. ముంజేతికి మాత్రం బరువు, లోపలి గాలి, పైతోలు మూడూ కలిసి తగులుతాయి. గాలి పీడనం సగానికి తగ్గిస్తే దెబ్బ సగమవుతుందనుకుంటాం. కాదు. లెక్క కడితే దాదాపు 30 శాతమే తగ్గుతుంది, ఎందుకంటే బంతి ఎక్కువ నొక్కుకుని ఎక్కువ చోట తగులుతుంది. అలాగే బరువు 270 నుంచి 210కి దించితే 12 శాతం దాకా తగ్గుతుంది. ఇది గాలి బంతి మోటు లెక్క మాత్రమే, పైతోలు గట్టిదనం ఇందులో లేదు. అయినా దారి చూపిస్తుంది.

"అయితే గాలి తగ్గిస్తే సరిపోతుందిగా, పెదనాన్నా" అంటావు. ఆ మాటకు ఆధారమూ ఉంది. బీచ్ వాలీబాల్ బంతి బరువు ఇండోర్ బంతి బరువే, కానీ ఇండోర్‌లో చదరపు సెంటీమీటరుకు 0.30 నుంచి 0.325 కిలోల గాలి పీడనం ఉంటే, బీచ్ బంతిలో 0.175 నుంచి 0.225 మాత్రమే. దాన్ని చేతితో పట్టుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది.

కానీ నీ బంతి వెళ్లేది ఎక్కడికి? మండల కేంద్రంలో హైస్కూలుకి. అక్కడ పీఈటీ మాస్టారి బీరువాలో ప్రెషర్ గేజ్ ఉంటుందా? గోడకి ఆనించి ఒక సైకిల్ పంపు, దారానికి కట్టి ఒక బాల్ పిన్ ఉంటాయి. నేలకేసి కొడితే "ఠంగ్" మనేదాకా కొడతారు. మన దగ్గర బాగున్న బంతి అంటే "ఠంగ్" మనే బంతే. మెత్తగా ఉంటే "గాలి పోయిందిరా" అని ఇంకో పదిసార్లు కొడతారు. నువ్వు వాల్వ్ పక్కన ఎంత అందంగా అంకెలు అచ్చువేసినా వాటిని చూసేవాడు ఉండడు. దానికి తోడు మన ఎండలు. పొద్దున 27 డిగ్రీల్లో 0.30 దగ్గర సరిగ్గా కొట్టిన బంతిని, 45 డిగ్రీల ఎండలో గ్రౌండ్‌లో వదిలేస్తే గాలి వేడెక్కి 0.38 దాకా పోతుంది. ఎవరూ పంపు ముట్టుకోకుండానే.

అందుకే చెబుతున్నా: గాలి నీ చేతిలో ఉండదు. నీ చేతిలో ఉన్నవి బరువు, పైతోలు. పంపు ఎవరి చేతిలో ఉన్నా పనిచేసే మెత్తదనం ఆ రెండింట్లోనే పెట్టాలి.

బరువు ముందు దించు. జపాన్‌లో ప్రాథమిక పాఠశాల పిల్లలు ఆడే బంతి చుట్టుకొలత 62 నుంచి 64 సెంటీమీటర్లు, బరువు 200 నుంచి 220 గ్రాములు. వాళ్లకి సాఫ్ట్ వాలీబాల్ అని ఇంకో ఆట కూడా ఉంది. దాని బంతి పూర్తిగా రబ్బరుది, 78 సెంటీమీటర్ల చుట్టుకొలత, బరువు మాత్రం 210 గ్రాములే. అది చేతికి హాయిగానే ఉంటుంది గానీ, రేపు జిల్లా టీమ్‌కి ఆడాల్సిన పిల్లకి దానితో నేర్పితే టైమింగ్ అంతా మారిపోతుంది. నీకు మొదటిదే దారి. 210 దగ్గర గీత గీసుకుని, ఆ గీత దాటకుండా ఏ పొర ఎంత తింటుందో లెక్క రాసుకో.

ఇక పైతోలు. నీ బంతిని ఒక చోట కోసి చూశాను, ఏమనుకోకు. బ్లాడర్ మీద చుట్టిన నైలాన్ దారం, అదే వైండింగ్, దట్టంగా ఉంది, దాని మీద రబ్బరు పొర, దాని మీద నీ 5 మిల్లీమీటర్ల ఫోమ్, పైన పీయూ (పాలీయురితేన్) తోలు. ఇది రాయి మీద పరుపు వేసినట్టు. చేతికి మొదట మెత్తగా తగిలి, వెంటనే లోపలి గట్టిదనం తగులుతుంది. వైండింగ్ పలచన చెయ్యి. రబ్బరు పొర కూడా తగ్గించు. ఫోమ్ 2 మిల్లీమీటర్లు చాలు, కానీ లోపలి గాలి గదులు మూసుకుని ఉండే రకం తీసుకో. తెరుచుకుని ఉండే ఫోమ్ స్పాంజిలా నీళ్లు తాగుతుంది. ఒక్క వర్షానికి తడిసిందంటే నీ 210 గ్రాములు గంగలో కలిసినట్టే. తయారయ్యాక గంటసేపు బకెట్లో తేల్చి, తుడిచి, మళ్లీ తూచి చూడు. పైన పీవీసీ ప్లాస్టిక్ తోలు వద్దు. చవకే, కానీ దాన్ని మెత్తబరిచే మందు ఎండకి నెమ్మదిగా బయటికి వచ్చేస్తుంది, రెండు వేసవుల్లో తోలు అప్పడంలా పెళుసెక్కుతుంది. పిల్లలు ముట్టుకునే వస్తువు కాబట్టి ఆ మందు ఏమిటని కూడా అడగాల్సి వస్తుంది. పీయూ ఖరీదెక్కువే, తప్పదు.

బ్లాడర్ లాటెక్స్ (సహజ రబ్బరు)దైతే ఇంకా మెత్తగా సాగుతుంది, కానీ త్వరగా గాలి వదిలేస్తుంది. మళ్లీ సైకిల్ పంపు, మళ్లీ "ఠంగ్". గాలి పట్టి ఉంచే బ్యూటిల్ రబ్బరుది వేసుకో.

లైనింగ్, అంటే పైతోలు లోపలివైపు అంటించే గుడ్డ, విషయంలో ఒక పాత తప్పు చెబుతాను. నేను పనిచేసిన ఒక ఫ్యాక్టరీలో ఓనరు చేతికుట్టు బంతి మెత్తబడాలని మూడు పొరల లైనింగ్‌ని రెండు చేయించాడు. శాంపిల్ అద్భుతం. నేనే మెచ్చుకున్నాను కూడా, అదీ నా తప్పే. రెండు నెలలకి లాటు మొత్తం వెనక్కి వచ్చింది. ఆడీ ఆడీ గుడ్డ సాగి, బంతులు గుమ్మడికాయల్లా అయ్యాయి. లైనింగ్ అనేది మెత్తదనం కోసం కోత పెట్టే చోటు కాదు. దాని పని బంతిని గుండ్రంగా పట్టి ఉంచడం.

నువ్వు చూసుకోని ఒకటి రెండు చోట్లు నాకు నిన్ననే దొరికాయి. మన వరండాలో కడప బండలు గుర్తున్నాయిగా, నల్లగా? బంతులకి సుద్దపొడి పూసి, గోడమీద రెండు మీటర్ల దగ్గర పెన్సిల్ గీత పెట్టి, అక్కణ్ణుంచి వదిలాను. బండ మీద తెల్లటి వలయం పడింది. మొదట నా పాత బంతితో వేశాను, 12 సెంటీమీటర్లు. గాలి సగం చేసి వేస్తే 14. నీ బంతి వలయంలో మాత్రం అంచులు తేడాగా కనిపించాయి. ప్యానెళ్ల (పైతోలు ముక్కల) అతుకులు ఉబ్బుగా ఉన్న చోట గీతల్లా దట్టంగా తెలుపు, వాటి పక్కన ఖాళీ. అంటే దెబ్బ ఆ గీతల మీదే పడుతోంది. ఫోమ్‌ని అంచుల దగ్గర పలచగా దిద్దకుండా అలాగే అతికించారు. రెండోసారి వదిలితే వాల్వ్ మీద పడింది. వలయం మధ్యలో గచ్చకాయంత చుక్క! చుట్టూ మెత్తగా ఉన్న కొద్దీ గట్టి వాల్వ్ ఇంకా గుచ్చుకుంటుంది. దాన్ని కాస్త లోపలికి దించి, పైన ఫోమ్‌తో ఒక టోపీలాంటిది వెయ్యమను. వాల్వ్ బరువుకి ఎదురుగా లోపల చిన్న రబ్బరు బిళ్ల అంటించడం మరవకు, లేకపోతే సర్వీసు గాలిలో ఊగుతుంది.

పిల్లల దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు అన్ని శాంపిళ్లూ ఒకే రంగులో తీసుకెళ్లు. జలంధర్‌లో ఒకసారి ఒకే అచ్చులో తీసిన రెండు బంతులు, ఒకటి గులాబీ, ఒకటి నీలం, ఒక స్కూలు పిల్లలకి ఇచ్చాం. గులాబీది మెత్తగా ఉందని అందరూ ఒక్క గొంతుతో చెప్పారు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నొప్పిగా ఉందా?" అని కూడా అడక్కు, అక్కలాంటిదానివి కదా, లేదనే చెబుతారు. ఇరవై అండర్‌హ్యాండ్ పాసులు ఆడించి, చేతులు చూడు. ఇరవై ఒకటో పాసుకి ఏ పిల్ల చేతులు వెనక్కి లాక్కుంటుందో చూడు.

ఇంకొకటి. గాలి నీ చేతిలో ఉండదన్నాను గానీ, మాస్టారికి గేజ్ లేకుండా ఒక ఆనవాలు ఇవ్వొచ్చు. నీకు సరిపోయిన గాలితో బంతిని నడుము ఎత్తు నుంచి సిమెంటు నేల మీద వదిలి, ఎంత పైకి లేస్తుందో కొలుచుకో. మోకాలి దాకానో, కింద పిక్క దాకానో తేలుతుంది. దాన్నే బొమ్మ గీసి బంతి మీద అచ్చువెయ్యి, అంకెలు వద్దు. గేజ్ చూడనివాళ్లు కూడా బొమ్మ చూస్తారు.

కోసిన బంతిని, నా పాత బంతిని కలిపి సోమవారం కొరియర్‌లో వేస్తాను. సుద్ద పూసినప్పుడు బండలు పాడుచేశానని మీ పెద్దమ్మ నిన్నటి నుంచి నాతో సరిగా మాట్లాడట్లేదు. ఈసారి వచ్చినప్పుడు నువ్వే తుడుద్దువు గానీ. మీ నాన్నకి చెప్పు, మోకాలి నొప్పి తగ్గిందని.

మీ పెదనాన్న