లాన్స్‌ఫీల్డ్ గ్రూపింగ్: లాటెక్స్‌లో రెండు గ్రూపులకీ క్లంపింగ్ వస్తే ఏది రాయాలి?

గొంతు స్వాబ్‌లో పెరిగిన బీటా హీమోలిటిక్ (ప్లేటులోని ఎర్ర రక్తకణాలను కరిగించే) స్ట్రెప్టోకాకస్ కాలనీలకు, వాటి యాంటిజెన్‌ను (యాంటీబాడీ గుర్తుపట్టే పదార్థం) బట్టి లాన్స్‌ఫీల్డ్ గ్రూపు తేల్చే లాటెక్స్ కిట్ పెడితే 'ఏ', 'జి' రెండింటిలోనూ క్లంపింగ్ (లాటెక్స్ గింజలు ముద్దకట్టడం) వచ్చిందన్నారు. ఏది రిపోర్ట్ చేయాలి, కిట్ అయిపోతే పాత యాసిడ్ పద్ధతి పనికొస్తుందా అన్నవి మీ ప్రశ్నలు. మొదటిదానికి జవాబు: ఏదీ రాయకండి. ఎక్కువ గట్టిగా వచ్చిందాన్ని ఎంచుకుని రాయడం అస్సలు వద్దు. మళ్లీ ప్లేటు చూడండి. గ్రూపింగ్‌లో వచ్చే తప్పుల్లో చాలావరకు రీఏజెంట్‌వి కావు, మనం ఎత్తిన కాలనీవి.

రెండు గ్రూపులు ఒకేసారి రావడానికి మామూలు కారణం మిశ్రమ పెరుగుదల. గొంతు స్వాబ్ ప్లేటులో రెండు రకాల కాలనీలు పక్కపక్కనే ఉండి, లూప్ రెండింటినీ తాకి ఉంటుంది. విడిగా ఉన్న ఒక్క కాలనీని కొత్త బ్లడ్ అగార్ మీద గీసి, మర్నాడు ఆ శుద్ధ కల్చర్‌తో మళ్లీ చేయండి. రెండో కారణం, కాలనీలు మరీ ఎక్కువ వేసి, కరగని ముద్ద కూడా చుక్కతో పాటు కార్డు మీదకు రావడం. అప్పుడు అన్ని వృత్తాల్లోనూ సన్నటి ఇసుకలా, దారాల్లా కనిపిస్తుంది. అది క్లంపింగ్ కాదు. అసలైన పాజిటివ్‌లో పాలు విరిగినట్టు చుక్కంతా గింజలు గింజలుగా విడిపోయి, మధ్యలో నీరు తేటపడుతుంది. ఒకసారి చూస్తే మళ్లీ పొరపడరు.

ఎంజైమ్ రకం కిట్ అయితే 0.4 మి.లీ. ఎక్స్‌ట్రాక్షన్ ఎంజైమ్‌లో 2 నుంచి 5 కాలనీలు బాగా కలిపి, 37 డిగ్రీల వాటర్ బాత్‌లో 10 నిమిషాలు ఉంచాలి. 5 నిమిషాలకు ఒకసారి గట్టిగా కుదపాలి, చాలామంది మరిచిపోయేది ఇదే. ఇంక్యుబేటర్ అరలో పెడితే ట్యూబు త్వరగా వేడెక్కదు, యాంటిజెన్ సరిగా బయటికి రాదు, 'గ్రూపు తేలలేదు' అని తప్పు ఫలితం వస్తుంది. లాటెక్స్ సీసాలను గది వేడికి తెచ్చి, బాగా కుదిపి, డ్రాపర్‌ను నిలువుగా పట్టుకుని చుక్క వేయండి. కార్డును ఒక నిమిషం ఊపి చదివేయాలి. ఆ తర్వాత అంచులు ఆరుతూ వచ్చే గింజల్ని లెక్కలోకి తీసుకోకండి. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన లాటెక్స్ ఇక పనికిరాదు, దానంతటదే క్లంప్ అవుతుంది. నైట్రస్ యాసిడ్ రకం కిట్‌లో పరిమాణాలు, సమయాలు వేరు. ఒకదాని పద్ధతి రెండోదానికి వాడకండి.

కార్డు పట్టుకునే ముందు గ్రామ్ స్టెయిన్ (రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూడటం), కెటలేజ్ (హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో బుడగలు తెప్పించే ఎంజైమ్) టెస్ట్ తప్పనిసరి. లిస్టీరియా అనే వేరే బాక్టీరియా కూడా సన్నటి బీటా హీమోలిసిస్ ఇస్తుంది, 'బి', 'జి' లాటెక్స్‌లతో క్లంప్ కావచ్చు. అది కెటలేజ్ పాజిటివ్, స్ట్రెప్టోకాకస్ నెగటివ్. ఎర్ర రక్తకణాల్లోనూ కెటలేజ్ ఉంటుంది కాబట్టి, కాలనీతో పాటు అగార్ గీరుకుని రాకుండా చూసుకోండి. ప్లేటుకు 5 శాతం గొర్రె రక్తమే వాడండి. బ్లడ్ బ్యాంకులో గడువు దాటిన మనిషి రక్తంలో యాంటీబాడీలు, యాంటీబయోటిక్‌లు ఉండొచ్చు, వాటితో హీమోలిసిస్‌ను నమ్మలేం.

ఇక యాసిడ్ పద్ధతి. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో రెబెక్కా లాన్స్‌ఫీల్డ్ 1933లో ఈ వర్గీకరణను ప్రచురించారు. కణ గోడలోని 'సి కార్బోహైడ్రేట్'ను (గ్రూపును తేల్చే యాంటిజెన్ పేరు ఇది, 'సి' గ్రూపు అని కాదు) వేడి యాసిడ్‌తో బయటికి తీసి, కుందేలు యాంటీసీరంతో (ఆ గ్రూపు యాంటీబాడీలున్న సీరం) ప్రెసిపిటేషన్, అంటే తెల్లటి పొర కట్టడం, చూడటమే దాని మూలం. 40 మి.లీ. టాడ్-హెవిట్ బ్రాత్‌లో (బాక్టీరియాను పెంచే ద్రవం) రాత్రంతా పెంచిన కల్చర్‌ను సెంట్రిఫ్యూజ్ చేసి, అడుగున మిగిలిన ముద్దను 0.4 మి.లీ. 0.2 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కలపండి. మరిగే నీటిలో 10 నిమిషాలు ఉంచి చల్లార్చి, ఒక చుక్క ఫీనాల్ రెడ్ వేయండి. పసుపు రంగు వస్తుంది. 0.2 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌ను చుక్కచుక్కగా కలుపుతూ లేత గులాబీ రాగానే ఆపేయండి. మళ్లీ సెంట్రిఫ్యూజ్ చేసి పైనున్న తేటను తీసుకోండి, ఇదే ఎక్స్‌ట్రాక్ట్.

ఈ పద్ధతి చెడేది ఆ చివరి చుక్కల దగ్గరే. యాసిడ్ మిగిలిపోతే సీరంలోని ప్రోటీనే విరిగి, అన్ని గ్రూపుల్లోనూ తెల్లటి వలయం వస్తుంది. క్షారం ఎక్కువైతే నిజమైన వలయం కూడా కనిపించదు. క్యాపిలరీలో (సన్నటి గాజు గొట్టం) ముందు 1 సెం.మీ. యాంటీసీరం, బయట తుడిచి, దాని వెంటే అంతే ఎక్స్‌ట్రాక్ట్ ఎక్కించండి. మధ్యలో గాలి బుడగ రాకూడదు. 5 నుంచి 10 నిమిషాల్లో రెండు ద్రవాలు కలిసే చోట తెల్లటి పొర కనిపిస్తుంది, నల్ల కాగితం వెనక పెట్టుకుని చూడండి. అరగంట దాటాక వచ్చేదాన్ని పాజిటివ్ అనకండి. కొత్తగా నేర్చుకునేవారికి నా సలహా రాంట్జ్, రాండల్ చెప్పిన ఆటోక్లేవ్ పద్ధతి: అదే ముద్దను 0.5 మి.లీ. సెలైన్‌లో 121 డిగ్రీల వద్ద 15 నిమిషాలు ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేస్తే చాలు. న్యూట్రలైజ్ చేసే పనే లేదు. 'డి' గ్రూపుకూ అదే నయం, ఎందుకంటే దాని యాంటిజెన్ అసలు గోడలోని కార్బోహైడ్రేట్ కాదు, లిపోటైకోయిక్ యాసిడ్. యాసిడ్‌తో అది సరిగా రాదు.

గ్రూపు తేలినంత మాత్రాన జాతి తేలినట్టు కాదు. 'ఏ' యాంటిజెన్ అంటే రామ్నోజ్ అనే చక్కెర గొలుసుకు పక్కన ఎన్-అసిటైల్‌గ్లూకోసమైన్ ఉందని మాత్రమే అర్థం. 'సి'లో దాని స్థానంలో ఎన్-అసిటైల్‌గెలాక్టోసమైన్ ఉంటుంది. ఆంజినోసస్ కూటమి (దగ్గరి జాతుల గుంపు) స్ట్రెప్టోకాకస్‌లు 'ఏ', 'సి', 'ఎఫ్', 'జి'ల్లో దేనికైనా పాజిటివ్ రావచ్చు, దేనికీ రాకపోవచ్చు. వాటి కాలనీలు 24 గంటల తర్వాత కూడా 0.5 మి.మీ. లోపే ఉంటాయి, మూత తీస్తే చాలాసార్లు చక్కెర పాకం వాసన వస్తుంది. 'ఏ' గ్రూపు జాతి అయిన స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్ కాలనీ అంతకంటే పెద్దది, చుట్టూ వెడల్పాటి తేట వలయం ఉంటుంది. పీవైఆర్ (ఒక ఎంజైమ్ ఉందో లేదో రంగుతో చూపే టెస్ట్) డిస్క్ తడిపి కాలనీ రుద్ది, 2 నిమిషాల తర్వాత రీఏజెంట్ చుక్క వేయండి. నిమిషంలోపు ఎర్రబడితే పయోజెనిస్, ఆంజినోసస్ ఎర్రబడదు. రుమాటిక్ ఫీవర్ భయం పయోజెనిస్‌తోనే కాబట్టి, గొంతు స్వాబ్ విషయంలో ఈ ఒక్క టెస్ట్ మానేయకండి.

మీ శాంపిల్ విషయానికొస్తే, కొత్త ప్లేటు మీద గీసిన సబ్‌కల్చర్ తర్వాత 'ఏ' ఒక్కటే వచ్చి, పీవైఆర్ పాజిటివ్ అయితే 'స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్' అని రాయండి. 'జి' ఒక్కటే వచ్చి కాలనీ పెద్దదైతే 'బీటా హీమోలిటిక్ స్ట్రెప్టోకాకస్, గ్రూప్ జి' అని రాయండి. రెండు రకాల కాలనీలు నిజంగానే విడిపోతే, ఒక్కోదానికి విడిగా గ్రూపింగ్ చేసి, రెండు ఐసోలేట్లుగా రిపోర్ట్ ఇవ్వండి. అప్పటిదాకా డాక్టరుకు 'బీటా హీమోలిటిక్ స్ట్రెప్టోకాకస్ పెరిగింది, గ్రూపింగ్ జరుగుతోంది' అని ప్రాథమిక రిపోర్ట్ పంపితే సరిపోతుంది.