పదకొండు పెట్టెలు

ప్రశ్న: మాది కాకినాడ. మావారు బ్యాంకులో పనిచేసి రెండేళ్ల కిందట రిటైరయ్యారు. ఆర్నెల్లు ఖాళీగా ఉన్నాక, ఫోన్లో వీడియోలు చూసి చెక్కతో నగిషీ పెట్టెలు చేయడం మొదలుపెట్టారు. నాతో ఒక్క మాటైనా అనకుండా రిటైర్మెంట్ డబ్బులోంచి 2,80,000 రూపాయలు తీసి మిషన్లు కొన్నారు. అమ్మాయి వస్తే ఉండే వెనక గదే ఇప్పుడు ఆయన వర్క్‌షాపు. ఇల్లంతా రంపపు పొట్టు, చెవులు చిల్లులు పడే చప్పుడు. మనవడికి ఆయాసం ఉందని అమ్మాయి సంక్రాంతికి రానంది. మా బావగారేమో ‘మనింట్లో వడ్రంగి పనేమిటి, పరువు పోతోంది’ అంటున్నారు. కడప వైపు నుంచి ఎవరో ఎర్రచందనం ముక్క తెచ్చిపెడతామన్నారట, అదొక టెన్షన్. ఏమన్నా అంటే గది తలుపేసుకుంటారు. ఇప్పటికి పదకొండు పెట్టెలు చేసి స్నేహితులకూ చుట్టాలకూ పంచారు. నాకు ఒక్కటీ ఇవ్వలేదు. ఆ మిషన్లు అమ్మించేయాలని ఉంది. ఆయన్ని ఎలా ఒప్పించాలి?
– ఒక సోదరి

జవాబు: అమ్మించకండి. కనీసం అన్నీ కాదు. ఎందుకో చెబుతాను. దానికి ముందు రెండు విషయాలు తేల్చేద్దాం.

ఎర్రచందనం సంగతిలో మొహమాటం వద్దు. కాగితాలు లేని ముక్క చేతిలో ఉంటే చాలు, అటవీ చట్టం కింద కేసు అవుతుంది. ‘చిన్న ముక్కే కదా’ అన్న మాట అక్కడ చెల్లదు. తెస్తామన్న మనిషికి ఈరోజే ఫోన్ చేసి వద్దని చెప్పమనండి. బ్యాంకులో అన్నేళ్లు కాగితాలు చూసిన మనిషికి ఇది వివరంగా చెప్పక్కర్లేదు.

రెండోది మీ బావగారి పరువు. బొబ్బిలి వీణని పనస దుంగలోంచి తొలిచి చేస్తారు. అది ఇంటికొస్తే కళ్లకద్దుకుని దేవుడి గదిలో పెట్టుకుంటాం. దాన్ని చెక్కే చేతిపని మాత్రం తక్కువదా? ఈ మాట మీరు బావగారితో వాదించనక్కర్లేదు. ‘ఆయనకి ఇష్టం బావగారూ’ అని ఊరుకోండి. కానీ ఆయన మాటని మోసుకొచ్చి మీవారి మీద ప్రయోగించకండి. బహుశా తలుపు మూసుకోవడం వెనక ఆ మాట కూడా ఉంది.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో డబ్బు, గది, దుమ్ము, పరువు అన్నీ రాశాక, చివర్లో ‘నాకు ఒక్కటీ ఇవ్వలేదు’ అన్నారు. నేనైతే ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. 2,80,000 రూపాయల గురించి కోపం ఒకటి, మిమ్మల్ని అడగలేదన్న కోపం ఇంకొకటి. రెండోదే పెద్దది. మీ చేతులమీదుగా నడిచిన ఇంట్లో, మీ కూతురి గదిని మిమ్మల్ని అడక్కుండా మార్చేశారు. పెళ్లై అన్నేళ్లయ్యాక అలా జరిగితే ఎవరికైనా మండుతుంది.

ఇంకొకటి కూడా ఉందనుకుంటాను, కాకపోతే కొట్టేయండి. ఇన్నాళ్లూ పొద్దున పదింటి నుంచి సాయంత్రం దాకా ఆ ఇల్లు మీది. ఆయన రిటైరయ్యాక ఆ వేళలు పోయాయి. మధ్యాహ్నం కునుకు, టీవీ, పక్కింటావిడతో నాలుగు మాటలు, అన్నిటిమీదా ఇంకో మనిషి చూపు. పైగా ఆయన తనకంటూ ఒక గది చూసుకున్నారు. మీకు వంటగది తప్ప ఏం మిగిలింది? మా నాన్నగారు రిటైరయ్యాక రేడియోలు విప్పేవారు. మళ్లీ బిగించడం ఆయనకి చేతకాదు. మా అమ్మ మూడు నెలలు చూసి, ‘ఆ వసారా మీది, ఈ ముందు గది నాది, అడక్కుండా రావద్దు’ అంది. అప్పట్లో నవ్వుకున్నాం.

కాబట్టి ఆయనతో మాట్లాడేటప్పుడు ‘అవి అమ్మేయండి’ అని మొదలుపెట్టకండి. ‘నన్నెందుకు అడగలేదు?’ అన్నదే అడగండి. పని మధ్యలో కాదు, రాత్రి భోజనాలయ్యాక. ఆయన ఏదో సంజాయిషీ చెబుతారు. అది పూర్తిగా వినండి. ఒప్పుకోనక్కర్లేదు.

దుమ్ము మాత్రం రాజీ పడే విషయం కాదు. గట్టి చెక్కల పొట్టు దగ్గు తెప్పించి ఊరుకోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే చెక్క ధూళిని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. ఆయాసం ఉన్న పిల్లవాడిని ఆ గదిలో పడుకోబెట్టే ప్రశ్నే లేదు. మీ అమ్మాయి చెప్పింది సబబే. ఆవిడ మీద నిష్ఠూరం పెట్టుకోకండి. చప్పుడూ అంతే. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్ దాటకూడదు. రంపం మిషన్ దగ్గర నిలబడితే 90, 100 దాకా పోతుంది.

దీనికి మార్గం ఉంది. పెద్ద రంపం మిషన్ ఇంట్లో ఎందుకసలు? టింబర్ డిపోలో కావలసిన మందానికి కోయించి, అక్కడే మిషన్ మీద చిత్రిక పట్టించి తెచ్చుకోవచ్చు. పాత ఇళ్లు పడగొట్టిన చోట అమ్మే టేకు తలుపులు, ద్వారబంధాలు ఇంకా మంచివి. ఏళ్ల తరబడి ఆరిన చెక్క కాబట్టి పెట్టె చేశాక వంకర పోయే భయం తక్కువ. మేకులు మాత్రం వెతికి పీకాలి. ఇక ఇంట్లో మిగిలేది చేతి రంపం, ఉలి, మూలల్లో వేళ్లు పెనవేసుకున్నట్టు చెక్కలు ఒకదాన్లో ఒకటి కూర్చునే అతుకులు, నగిషీ. పెట్టె అందమంతా అక్కడే. మీవారికి ఆనందం కూడా అక్కడేనని నా అనుమానం. గరుకు కాగితం పట్టే పని ఒక్కటీ పెరట్లో రేకుల పంచ కింద, ఎన్95 మాస్కు పెట్టుకుని. అప్పుడా పెద్ద మిషన్ అమ్మడం మీ గెలుపు కాదు, ఆయన ఓటమీ కాదు. వెనక గది కడిగి సున్నం వేయించి అమ్మాయికి ఫోన్ చేయండి.

మరో చిన్న జాగ్రత్త. మెరుపు కోసం అవిసె నూనె పూస్తుంటే, ఆ గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయొద్దనండి. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విడివిడిగా పరిచి బయట ఆరబెట్టాలి, లేదా నీళ్ల బకెట్లో వేయాలి.

డబ్బు గురించి ఎక్కువ చెప్పను. పోయింది పోయింది. ఇకమీదట నెలకి ఇంత అని ఇద్దరూ కూర్చుని రాసుకోండి. అంతే మొత్తం మీ పేరున కూడా పక్కన పెట్టమనండి, మీ ఇష్టానికి. దేనికని ఆయన అడగకూడదు.

పదకొండు పెట్టెల్లో ఒక్కటీ మీకెందుకు రాలేదో నేను ఊహించి చెప్పను. మీకు నచ్చదనుకున్నారో, ఇంకా చేయి తిరగలేదనుకున్నారో, అసలు తట్టనే లేదో. ఆయన్నే అడగాలి. అయితే దెప్పినట్టు కాదు, పని చెప్పినట్టు అడగండి. ‘నాకో పెట్టె కావాలి. ఇంత పొడవు, ఇంత లోతు, లోపల మూడు అరలు.’ కుంకుమ భరిణెల కోసమో, దారపుండలూ సూదులూ పెట్టుకోడానికో, అది మీ ఇష్టం. కొలతలు కాగితం మీద రాసివ్వండి. చెక్క ఎంచుకోడానికి డిపోకి ఇద్దరూ కలిసి వెళ్లండి. పనస చూపించమనండి. కోసినప్పుడు పసుపు పచ్చగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ ముదురు గోధుమరంగుకి తిరుగుతుంది.

ఒకవేళ ఆయన విసుక్కుని మళ్లీ తలుపేసుకుంటే నాకు ఇంకో ఉత్తరం రాయండి. అప్పుడు ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడే కౌన్సెలర్ అవసరమవుతారు.