పరాయి కళ్ళు, మన బతుకులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా కాలనీ వాట్సాప్ బృందంలో రెండు ఉపన్యాసాలు తరచుగా తిరుగుతున్నాయి. ఐరోపా చూసి వచ్చిన ఒక సమోవా దీవి నాయకుడు, అక్కడి మనుషులు గడియారానికీ డబ్బుకూ దాసులైపోయారని తనవాళ్ళకు చెప్పినది ఒకటి. భూమిని కొనడమేమిటి, ఆకాశాన్ని అమ్మడమేమిటి అని అమెరికా ఆదివాసి నాయకుడు సియాటిల్ అడిగినది రెండవది. చదివినప్పుడల్లా మనసు కదులుతోంది. మన ఆధునిక జీవితం గురించి ఇంత సూటిగా బయటివాళ్ళే చెప్పగలరా? మనలోని తత్వవేత్తలకు ఇది ఎందుకు కనిపించలేదు?
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, పెరంబూరు, చెన్నై

జవాబు: మనసు కదలడంలో తప్పేమీ లేదు గాని, ఆ రెండు ఉపన్యాసాలూ, మీకు అందిన రూపంలో, బయటివాళ్ళు చేసినవి కావు. మొదటిది ఎరిక్ షోయర్‌మాన్ అనే జర్మన్ రచయిత 1920లో ప్రచురించిన ‘పాపలాగి’ అనే పుస్తకంలోనిది. సమోవా జర్మనీ ఏలుబడిలో ఉన్న చివరి రోజుల్లో ఆయన అక్కడ కొంతకాలం గడిపిన మాట నిజమే. అయితే తుయావీ అనే గ్రామ నాయకుడు ఐరోపా అంతా తిరిగి వచ్చి ఉపన్యసించాడనడానికి ఆధారం లేదని, ఆ మాటలు రచయిత కల్పనేనని పరిశోధకులు తేల్చారు. రెండవదాని కథ ఇంకా విచిత్రమైనది. సియాటిల్ 1854లో తన భాషలో మాట్లాడిన దానిని తాను విన్నానంటూ హెన్రీ స్మిత్ అనే వైద్యుడు 33 ఏళ్ళ తరువాత, 1887లో, తన సొంత ఇంగ్లీషు ధోరణిలో ఒక పత్రికకు రాశాడు. మీ ఫోనుకు వచ్చినది ఆ పాఠం కూడా కాదు. 1970ల మొదట్లో పర్యావరణం మీద తీసిన ఒక సినిమా కోసం టెడ్ పెర్రీ అనే అధ్యాపకుడు రాసి ఇచ్చిన ప్రతి. రైల్లో పోతూ తెల్లవాళ్ళు కాల్చి పారేసిన వెయ్యి అడవిదున్నల కళేబరాలను కళ్ళారా చూశానని అందులో సియాటిల్ చేత చెప్పించారు. ఆయన జీవించిన పసిఫిక్ తీరంలో ఆ మందలు లేవు. మైదానాలను దాటుకొని పసిఫిక్ వైపుకు రైలు మార్గం పూర్తయినది 1869లో, ఆయన పోయినది 1866లో.

ఇంటివాడు పరాయి వేషం కట్టి ఇంటిని విమర్శించడం కొత్తేమీ కాదు. ఫ్రెంచి రచయిత మాంటెస్క్యూ 1721లో తన పేరు వేసుకోకుండా అచ్చు వేయించిన ‘పారశీక లేఖలు’లో ఇద్దరు పారశీకులు ప్యారిస్‌కు వచ్చి అక్కడి వింతలను స్వదేశానికి రాస్తుంటారు. ఫ్రాన్సు రాజు గొప్ప మంత్రగాడని, ఖజానాలో పది లక్షలే ఉండి ఇరవై లక్షలు కావలసివస్తే ఒక నాణెం రెండింటితో సమానమని జనాన్ని ఇట్టే నమ్మించగలడని వారిలో ఒకరు ఆశ్చర్యపోతాడు. ఆ మాటే ఒక ఫ్రెంచివాడు తన పేరుతో అని ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. అదే దేశపు రచయిత వోల్టేరు 1752లో ఇంకొక అడుగు ముందుకు వేసి, సిరియస్ నక్షత్ర లోకం నుంచి ఒక మహాకాయుణ్ణి దింపి, భూమి మీద మనుషుల అహంకారాన్ని అతని చేత తూకం వేయించాడు. వీటిని మోసమని ఎవరూ అనరు. పగటివేషగాడు కరణం వేషం కట్టుకొని కరణంగారి వాకిట్లోనే ఆయనను వెక్కిరిస్తే ఊరంతా నవ్వుతుంది, ఎందుకంటే అది వేషమని అందరికీ తెలుసు. ‘పాపలాగి’ విషయంలో ఆ ఎరుక లేదు; పాఠకుడు వేషాన్నే మనిషి అనుకొని చేతులు జోడిస్తున్నాడు.

అందువల్ల నష్టమేమిటని మీరు అడగవచ్చు. ఆ పుస్తకం రావడానికి రెండేళ్ళ ముందు, 1918 నవంబరులో, ఇన్‌ఫ్లుయెంజా రోగులున్న టలూనే అనే ఓడను అప్పటికి పశ్చిమ సమోవాను ఏలుతున్న న్యూజీలాండ్ అధికారులు క్వారంటైన్ లేకుండా అక్కడి ఆపియా రేవులోకి రానిచ్చారు. పశ్చిమ సమోవా జనాభాలో దాదాపు ఐదవ వంతు ఆ జ్వరానికి చనిపోయారు. ఓడలను గట్టిగా అడ్డుకున్న పక్కనే ఉన్న అమెరికన్ సమోవాలో ఒక్కరూ చనిపోలేదు. ఆ తరువాత సమోవా ప్రజలు మౌ అనే ఉద్యమం నడిపారు, వినతిపత్రాలు పంపారు, తమను తామే పాలించుకుంటామన్నారు. 1929 డిసెంబరు 28న ఆపియాలో వారి ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపినప్పుడు ఉద్యమ నాయకుడు టుపువా టమసేసే గాయపడి ప్రాణాలు విడిచాడు. నిజమైన సమోవా మనిషి ఆధునిక ప్రపంచంతో అన్న మాట ఇది: ఆ ఓడను ఎందుకు రానిచ్చారు, మా దేశం మాకు ఎప్పుడు ఇస్తారు? కల్పిత నాయకుడు అన్నది మాత్రం, మీ గడియారాలు మిమ్మల్ని ఎంత దుఃఖపెడుతున్నాయో కదా అని. మొదటి మాటకు బదులు చెప్పవలసి వస్తుంది. రెండవదానికి తల ఊపి ఫార్వర్డ్ చేస్తే సరిపోతుంది. నాకున్న అభ్యంతరమంతా ఇక్కడే.

మన తత్వవేత్తలకు కనిపించలేదన్న ఫిర్యాదును మాత్రం వేమన పద్యాలు మరొకసారి తిరగేసిన తరువాత మీరే ఉపసంహరించుకుంటారని నమ్ముతున్నాను.

ప్రశ్న: ఒంగోలు దగ్గరి పల్లెటూరు నుంచి ఉద్యోగానికి వచ్చి చెన్నైలో ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద కొన్నేళ్ళుగా ఉంటున్నాను. ఇక్కడ నన్ను ఊరిదాన్నని ఎవరూ అనుకోరు. మా ఊరికి వెళితే మదరాసుదాన్ని అంటారు. ఈ ఊరి జీవితం గురించి నాకు చాలా అనిపిస్తుంది గాని, చెప్పే అర్హత నాకుందా అన్న సందేహం. నిజంగా బయట నుంచి చూసి రాసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, చదువుతాను.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, షోళింగనల్లూరు, చెన్నై

జవాబు: మీ స్థితిని గురించి జర్మన్ సమాజ శాస్త్రవేత్త గియోర్గ్ జిమ్మెల్ 1908లో ఒక చిన్న వ్యాసం రాశాడు. ఆయన దృష్టిలో పరాయివాడంటే నేడు వచ్చి రేపు వెళ్ళిపోయే బాటసారి కాదు. నేడు వచ్చి రేపు కూడా ఉండిపోయేవాడు. దగ్గరా దూరమూ అతనిలో ఒకేసారి ఉంటాయి. కొన్ని ఇటలీ నగరాలు తమ న్యాయాధిపతులను పనిగట్టుకొని పరాయి ఊళ్ళ నుంచి పిలిపించుకునేవని, సొంతవాళ్ళకు కూడా చెప్పుకోని రహస్యాలను జనం పరాయివాడికి చెప్పుకుంటారని ఆయన గమనించాడు. ఆఫీసు క్యాంటీనులో మీ సహోద్యోగులు తమ ఇళ్ళ సంగతులు మీ దగ్గర ఎంత తేలికగా విప్పుతారో ఒకసారి ఆలోచించండి. జిమ్మెల్ కూడా బెర్లిన్‌లో పుట్టి పెరిగినా, యూదు మూలాల కారణంగా చాలాకాలం పూర్తి స్థాయి ఆచార్య పదవికి దూరంగా ఉండిపోయినవాడే.

మన చెన్నపట్నం విషయంలో ఇంకొక చిక్కు ఉంది. పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరు 15న మైలాపూరులో నిరాహార దీక్షలో ప్రాణాలు వదిలిన తరువాత, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, నగరం మదరాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబాలు ఇల్లు కదలకుండానే ఆ రోజు నుంచి కొందరి లెక్కలో బయటివాళ్ళయ్యాయి. ఊరికి ఎవరు లోపలివాళ్ళన్నది కాలాన్ని బట్టి మారుతూ ఉంటుందని తెలిస్తే, అర్హత గురించి మీ బెంగ కొంత తగ్గవచ్చు.

ఇక చదవడానికి. ఇదే ఊరి తెలుగువారు, మదరాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. దారి పొడవునా ఆయన మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి రాసి పంపినవే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. మజిలీ మజిలీకీ అక్కడ నీళ్ళు ఎలా ఉన్నాయి, దిగడానికి వసతి ఉందా, అంగళ్ళలో ఏమి దొరుకుతుంది, దారి ఇసుకా రాయా అన్నది ఆయన రాసుకుంటూ పోయారు. దైవమూ ధర్మమూ గురించి దీర్ఘమైన చర్చలు కూడా ఉన్నాయి గాని, నా మటుకు ఆ చర్చలకు విలువ ఇచ్చినవి ఈ నీళ్ళూ అంగళ్ళే. దానితో పాటు మధ్య ఆసియా పండితుడు అల్ బిరూనీ దాదాపు 1030 నాటికి భారతదేశం మీద పూర్తిచేసిన గ్రంథాన్ని కూడా చూడండి. గజనీ మహమ్మదు దండయాత్రల కాలంలో వచ్చినవాడైనా, ఆయన సంస్కృతం నేర్చుకొని పండితుల వాదాలను వారి మాటల్లోనే ముందు చెప్పి, తన అభిప్రాయాన్ని ఆ తరువాత చెప్పాడు. మీరు రాసేటప్పుడు ఆ వరుస పాటించండి: మీ వీధిలో లారీ నీళ్ళు ఏ వేళకు వస్తాయి, ఆ బిందెల దగ్గర ఎవరు నిలబడతారు అన్నది ముందు, మహానగరపు ఒంటరితనం తరువాత.

ప్రశ్న: గ్రహాంతరవాసులు వచ్చి మన జీవితాన్ని చూస్తే ఏమనుకుంటారు?
– డిగ్రీ విద్యార్థి, తాంబరం

జవాబు: ఏమనుకోవాలని మనం ఆశించామో చెప్పగలను. 1977లో బయలుదేరిన రెండు వాయేజర్ అంతరిక్ష నౌకల్లోనూ బంగారు పూత పూసిన రాగి రికార్డులు పెట్టి పంపారు. వాటిలో 55 భాషల్లో పలకరింపులు ఉన్నాయి, తెలుగు కూడా ఉంది. హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ పాట ఉంది. తింటున్నవాళ్ళ, బిడ్డలకు పాలు పడుతున్న తల్లుల, ఇళ్ళ, రోడ్ల బొమ్మలు ఉన్నాయి. యుద్ధం, పేదరికం, రోగం, నేరం తాలూకు బొమ్మలు వద్దని ఆ బృందం ముందుగానే నిర్ణయించుకుంది. పెళ్ళిచూపులకు ఇల్లు సర్దుకున్నట్టే సర్దుకున్నాం కనుక, చూడవచ్చినవారి అభిప్రాయానికి మనం పెద్దగా విలువ ఇవ్వనక్కరలేదు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఒడిశా నుంచి వచ్చిన కాపలాదారు ఉన్నాడు. ఒక సాయంత్రం మాటల మధ్య, “ఇక్కడ తలుపులన్నీ మూసే ఉంటాయి, ఏ ఇంట్లో ఎవరున్నారో తెలియాలంటే రిజిస్టరు చూడాలి” అన్నాడు. ఎంత తత్వం! దీని మీద మీ పత్రికకు వ్యాసం రాయాలనుకుంటున్నాను. వేసుకుంటారా?
– గృహిణి, వేళచ్చేరి, చెన్నై

జవాబు: మాట బాగుంది. అది మీకు తత్వంగా వినిపించినా, ఆయనకు ఉద్యోగ విషయం కావచ్చునన్నది గమనించండి. ఆ రిజిస్టరులో పేరు, ఫ్లాటు నంబరు, వచ్చిన వేళ, వెళ్ళిన వేళ అని గడులు గీసి ఉంటాయి. డెలివరీ కుర్రాళ్ళు తొందరలో వంకరగా రాసి పోతారు. సంతకం లేదని సంఘం కార్యదర్శి మందలించేది మాత్రం కాపలాదారునే. మూసి ఉన్న తలుపుల మాట అక్కడి నుంచి వచ్చిందో, ఊళ్ళోని వాకిలి గుర్తుకు వచ్చి వచ్చిందో మీరు అడిగితే గాని తెలియదు.

కనుక వ్యాసానికి ముందు ఆయనతో ఇంకొకసారి, ఆయన షిఫ్టు ముగిసిన తరువాత, కూర్చొని మాట్లాడండి. రోజుకు ఎన్ని గంటల డ్యూటీ, జీతం ఎవరి చేతి మీదుగా వస్తుంది, రాత్రి కునుకు పడితే ఎంత కోస్తారు, గేటు దగ్గర ఆయనకు మరుగుదొడ్డి ఉందా, ఇంటికి ఎప్పుడు వెళ్ళివచ్చాడు అన్నవి అడగండి. మీ అపార్ట్‌మెంటు గురించి ఇంకేమి గమనించాడో కూడా అడగండి. అన్నీ మీకు నచ్చేవి కాకపోవచ్చు. నచ్చనివాటిని తీసివేయకుండా, ఆయన ఒప్పుకున్నంత మేరకు, ఆయన పేరూ మీ అపార్ట్‌మెంటు పేరూ లేకుండా రాసి పంపితే తప్పక వేసుకుంటాము. పారితోషికం ఇద్దరికీ సగం సగం పంపుతాము.