వాన్ హేలెన్ మొదటి ఆల్బమ్‌లో గిటార్ ఎడమ చెవిలోనే ఎందుకు?

అమెరికన్ రాక్ బ్యాండ్ వాన్ హేలెన్ మొదటి ఆల్బమ్ హెడ్‌ఫోన్స్‌లో వింటే గిటార్ ఎడమ చెవిలోనే వస్తోందని, దానితో పాటు గిటార్ వాయిస్తే శ్రుతి కలవడం లేదని అడిగారు మీరు. హెడ్‌ఫోన్స్ పాడయ్యాయేమో, ఫైల్‌లో లోపమేమో అని మీ టెన్షన్. రెండూ కాదండీ, 1978లో వచ్చిన ఆ ఆల్బమ్ మిక్సింగే (విడివిడి శబ్దాలను కలిపి ఎడమ, కుడి వైపులకు సర్దడం) అంత. కావాలంటే ఎడమ వైపు తీసేసి కుడి వైపు మాత్రమే పెట్టుకుని వినండి. డ్రమ్స్, బేస్, గొంతు, వాటి వెనక ఎక్కడో దూరంగా గిటార్ ప్రతిధ్వని. అసలు గిటార్‌ను ఎడమకి, దాని ఎకోను కుడికి పెట్టారు. హాలీవుడ్‌లోని సన్‌సెట్ సౌండ్ స్టూడియోలో ఎకో కోసమే ఒక గది ఉంది. గిటార్‌ను అందులో స్పీకర్లో మోగించి, తిరిగొచ్చే శబ్దాన్ని మైక్‌తో పట్టేవారు.

నిర్మాత టెడ్ టెంపుల్‌మన్, ఇంజనీర్ డాన్ లాండీ బ్యాండ్‌ను ఎక్కువ భాగం స్టేజీ మీద వాయించినట్టే రికార్డ్ చేశారు. గిటార్ మీద గిటార్ పేర్చడం తక్కువ. అందుకే గిటార్ ఒక్కటే ముందుకొచ్చి వాయించే సోలోల్లో చాలావాటి కింద తోడుగా వాయించే రిథమ్ గిటార్ ఉండదు, బేస్, డ్రమ్స్ మాత్రమే. కొందరికి అది వెలితిగా అనిపిస్తుంది గానీ, నాకైతే ఆల్బమ్ ప్రాణమే అక్కడుంది.

మరీ ఇబ్బందిగా ఉంటే ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో (రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం) ఆన్ చేయండి, గిటార్ మధ్యకొచ్చేస్తుంది. గది స్పీకర్లలో వింటే ఆ బాధే ఉండదు.

పాటతో పాటు వాయిస్తుంటే శ్రుతి కలవడం లేదన్నారు కదా, మీ ట్యూనర్ తప్పేం లేదు. బ్యాండ్ గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలెన్ తన గిటార్ తీగలన్నీ దాదాపు అర స్వరం దించి వాయించాడు. మీరూ దించేయండి, ఇంకా కొంచెం తేడా వస్తే చెవితో సరిచేసుకోండి.