ఎక్స్‌పర్ట్ బోర్డులో ఓడితే అదంతా లక్కేనా?

మైన్‌స్వీపర్‌లో ఎంత బుర్ర పెట్టినా చివర్లో గుడ్డిగా ఏదో ఒక గడి నొక్కాల్సిందే కదా, మరి దీన్ని లాజిక్ గేమ్ అని ఎందుకంటారు అని అడిగారు. మూసిన గడులను ఒక్కొక్కటిగా తెరుస్తూ, దాగిన బాంబుల మీద నొక్కకుండా బోర్డు పూర్తి చేయాలి; తెరిచిన గడిలోని అంకె దాని చుట్టూ ఎన్ని బాంబులున్నాయో చెబుతుంది. గుడ్డిగా నొక్కక తప్పని చోట్లు ఉన్నాయి, కాదనను. కానీ చాలామంది లక్ అని వదిలేసే వాటిలో ఎక్కువ భాగం లెక్కకు అందేవే. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో కాలేజీ ల్యాబ్‌లో పట్టుకున్న ఆట ఇది, ఇప్పటికీ ఫోన్‌లో ఆడుతూనే ఉన్నాను.

ముందు ఏ లెవెల్ అన్నది చూడాలి. బిగినర్‌లో 81 గడులకు 10 బాంబులే, అక్కడ లక్‌తో పెద్దగా పని పడదు. ఎక్స్‌పర్ట్‌లో 480 గడుల్లో 99, అంటే దాదాపు ఐదింటికి ఒకటి. మొదటి క్లిక్ ఒక్కటే భద్రంగా ఉండే పాత పద్ధతిలో అయితే, ఈ ఆటను తామే లెక్కవేసి ఆడే మంచి సాల్వర్ ప్రోగ్రాములు కూడా ఎక్స్‌పర్ట్‌లో 40 శాతం దగ్గరే ఆగిపోతాయి. కాబట్టి పది ఆటలూ గెలవాలని కూర్చుంటే నిరాశే.

మొదటి క్లిక్‌లోనే లెక్క ఉంది. మూలలోని గడికి పక్క గడులు మూడే, మధ్యలో దానికి ఎనిమిది. ఆ పక్కవన్నీ ఖాళీ అయితేనే జాగా ఒక్కసారిగా తెరుచుకుంటుంది. ఎక్స్‌పర్ట్‌లో మూలన నొక్కితే అందుకు అవకాశం 50 శాతం, మధ్యలో నొక్కితే 16 శాతమే. మొదటి క్లిక్‌కే ఖాళీ జాగా ఇచ్చే వెర్షన్లలో ఈ గొడవ లేదు.

1-2-1 లాంటి ప్యాటర్న్‌లు మీకు తెలిసే ఉంటాయి, అంటే తెరిచిన గడుల్లో వరుసగా 1, 2, 1 అంకెలు వచ్చి, వాటికి ఒక పక్కన మాత్రమే మూసిన గడులు ఉండటం. 2కి ఎదురుగా ఉన్న గడిలో బాంబు పెట్టి చూస్తే రెండో బాంబు ఎటు పెట్టినా ఆ పక్క 1కి రెండు బాంబులు తగులుతాయి, కాబట్టి మధ్య గడి ఖాళీ, రెండు 1లకు ఎదురుగా ఉన్నవే బాంబులు. ఇది కళ్లకు అలవాటైపోతుంది.

అసలు తేడా వచ్చేది దీని తర్వాత. తెరవని గడులు మూడు పక్కపక్కనే ఉన్నాయనుకోండి: క, ఖ, గ. ఒక అంకె ప్రకారం క, ఖలలో ఒక బాంబు ఉంది, ఇంకో అంకె ప్రకారం ఖ, గలలో ఒకటి ఉంది, వేరే ఏ అంకె వాటిని తాకడం లేదు. అమరికలు రెండే: ఖ ఒక్కటే బాంబు, లేదా క, గ రెండూ బాంబులు. చాలామంది ఇక్కడే "ఫిఫ్టీ ఫిఫ్టీ" అనేసి ఏదో ఒకటి నొక్కేస్తారు. కానీ రెండో అమరికకు ఒక బాంబు ఎక్కువ కావాలి, అది బోర్డులో మిగిలిన చోటి నుంచే రావాలి. అక్కడ ఐదు గడులకు ఒక బాంబు చొప్పున ఉన్నప్పుడు, తక్కువ బాంబులతో సరిపోయే మొదటి అమరికకు సుమారు నాలుగు రెట్లు ఎక్కువ అవకాశం. అంటే ఖ 80 శాతం బాంబు, క గానీ గ గానీ నొక్కితే 80 శాతం క్షేమం. సగం సగం అనుకున్నది ఇంత మారిపోతుంది, అదీ వేళ్ల మీద చేసుకునే లెక్కతో!

ఇదే మూడు గడులు ఆట చివర్లో మిగిలితే అసలు ఊహతో పనే లేదు. మిగిలిన బాంబులు ఎన్నో చూపించే కౌంటర్ 1 అంటే ఖ బాంబు, 2 అంటే క, గ బాంబులు, అంతే. (బాంబు అని తేలిన గడుల మీద గుర్తుగా పెట్టే జెండాలు సరిగ్గా పెట్టుకుంటూ రావాలి, లేకపోతే ఆ కౌంటర్ తప్పు చూపిస్తుంది.) చివరి పది గడుల్లో అంకెల వైపే చూస్తూ కౌంటర్ వైపు కన్నెత్తని వాళ్లను చాలామందిని చూశాను.

ఇక నిజమైన లక్ ఎక్కడంటే, పై మూలన నిలువుగా రెండు గడులు మూసి ఉండి, వాటి పక్కన రెండూ తెరిచి ఉండి, కింది వరసలో వాటిని ఆనుకున్న రెండూ బాంబులైన చోట. పక్క అంకెలు రెండూ ఒకటే మాట చెబుతాయి, ఈ రెండింటిలో ఒకటి బాంబు అని. ఎటు చూసినా బాంబు ఒకటే కాబట్టి కౌంటర్ కూడా ఏమీ తేల్చదు. ఇలాంటిది కనపడిన వెంటనే నొక్కేయండి, మిగతా బోర్డంతా కష్టపడి పూర్తి చేశాక నొక్కితే టైమూ పోతుంది, టెన్షనూ పెరుగుతుంది. ఇంకో వైపు నుంచి ఒక అంకె వస్తే తేలిపోయే అవకాశం ఉన్న వాటిని మాత్రం చివరిదాకా ముట్టుకోవద్దు. ఈ రెండు రకాలనూ వేరుగా గుర్తుపట్టడమే ఎక్స్‌పర్ట్‌లో అసలు నేర్పు అని నా నమ్మకం.

లక్ అసలే వద్దనుకుంటే సైమన్ టాథమ్ పజిల్స్‌లో "మైన్స్" ఆడండి, అందులో ప్రతి బోర్డూ మొదటి క్లిక్ తర్వాత లాజిక్‌తోనే పూర్తయ్యేలా తయారవుతుంది. లాజిక్ అన్నారని తేలిక అనుకోకండి. గడుల మీదున్న అంకెలకు సరిపోయే బాంబుల అమరిక అసలు ఒకటైనా ఉందా అని తేల్చడం ఎన్‌పీ-కంప్లీట్ సమస్య (బోర్డు పెద్దదయ్యే కొద్దీ వేగంగా తేల్చే పద్ధతి ఏదీ ఇంతవరకు తెలియని రకం) అని రిచర్డ్ కే అనే గణిత శాస్త్రవేత్త 2000లోనే నిరూపించారు. కొన్నాళ్లు అది ఆడి మళ్లీ ఎక్స్‌పర్ట్‌కు వెళ్లండి. ఈసారి ఓడిపోయిన బోర్డు స్క్రీన్‌షాట్ ఉంటే ఇక్కడ పెట్టండి, ఆ చివరి క్లిక్ తప్పనిసరో కాదో కలిసి చూద్దాం.